చిన్నదైన కడుపునకు ఎండిన యాహారము

వేసవి వచ్చినదనిన మన ప్రొద్దుటూరు మిద్దెలమీద వడియములును, వరుగులును, చల్లమిరపకాయలును ఎండుచుండును. తడి పోయిన పదార్థము చెడదనియు, కూరగాయలు దొరకనప్పుడు ఆదుకొనుననియు మన పెద్దలెరుగుదురు. కావున ఎండిన యాహారమనిన మనకు క్రొత్త గాదు. అయినను జమ్మలమడుగులో మేము కన్నులార చూచిన సంగతి యొకటి, ఈ విషయమున మనము తెలిసికొనవలసినది యింకను గలదని తెలిపినది. దానినే యీ నెల సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మాకు బంధువైన యొక యిల్లాలు స్థూలకాయముచేతను మధుమేహముచేతను చిరకాలము బాధపడి, బరువు తగ్గుటకై కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొని అత్తవారిల్లగు జమ్మలమడుగు చేరెను. అప్పటికి మూడు వారములైనది. ఆమెను చూడవచ్చిన తల్లి పులివెందులనుండి అరటిపండ్లును చీనీకాయలును తెచ్చుటయేగాక, విదేశమందున్న కుమారుడు పంపిన ఎండిన పండ్లముక్కల పొట్లము గూడ తెచ్చెను. ఆ ముక్కలు దూదివలె తేలికగా నున్నవి. “ఇంత తేలికైనవి యేమి చేయును తల్లీ! రెండు నోట వేసికొనుము” అని ఆమె బలవంతపెట్టగా, కూతురు గుప్పెడు తిని నీరు త్రాగెను. కొంతసేపటికే రొమ్ములో పట్టివేసినట్లై, చెమటలు పోసి, వాంతులు మొదలైనవి. ఇంటిల్లిపాదియు బెదిరిరి. వైద్యుని సలహాచే నాటి రాత్రికి నెమ్మదించెను. తల్లి మాత్రము “నా చేతులతో నేనే బిడ్డకు విషము పెట్టితినా” యని కన్నీరు విడుచుచుండెను. అది విషము గాదు, తెలియమి మాత్రమే.

ఇట్టి శస్త్రచికిత్సలలో నేడు ముఖ్యమైనవి రెండు. “స్లీవ్” అను పద్ధతిలో కడుపును నూటికి 75 మొదలు 80 వంతులవరకు కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె చేయుదురు. “బైపాస్” అను పద్ధతిలో కడుపు పైభాగమున కోడిగ్రుడ్డుకంటె చిన్నదగు సంచిని ఏర్పరచి, దానిని చిన్నప్రేవునకు కలుపుదురు. ఆమెకు జరిగినది యిదియే. లోపలి కుట్లు మానువరకు మొదట ద్రవములును, పిమ్మట మెత్తగా నూరినవియు, ఆపైని మెత్తగా నుడికినవియు, సుమారు రెండు నెలలకు గట్టి పదార్థములును ఈయవలెనని క్రమము. దినములలో కొంచెము భేదముండవచ్చును. ఎవరి వైద్యుడు వ్రాసి యిచ్చినది వారికి ప్రమాణము.

ఇక నా పొట్లములోని వస్తువును అంగడివారు “ఫ్రీజ్ డ్రైడ్” అందురు. మన వరుగు ఎండకు ఎండును. ఇది యట్లు గాదు. పండును ముందు గడ్డకట్టించి, గాలి తీసివేసిన పెట్టెలో నుంచి, అందలి మంచు నీరు గాకయే యావిరియై పోవునట్లు చేయుదురు. అందుచే ఆకారమును రంగును చాలవరకు నిలుచును, బరువు మాత్రము పోవును. సైనికులకును, పర్వతములెక్కువారికిని, వ్యోమగాములకును ఇట్టి యాహార మెంతయు నుపకరించినది. 1961లో మైసూరున నెలకొల్పబడిన రక్షణశాఖవారి ఆహార పరిశోధనశాల మన సైనికులకై చిరకాలము నిలువయుండు ఆహారముల ననేకము సిద్ధపరచినది.

అయినను తేలికదనము చూచి మోసపోరాదు. 100 గ్రాముల అరటిపండు గుజ్జులో సుమారు 75 గ్రాములు నీరే. అది పోగా మిగిలిన 25 గ్రాములలో పండునందలి చక్కెర సుమారు 12 గ్రాములును అట్లే యుండును. పండైనచో నాలుగు ముక్కలకే చాలుననిపించును. ఎండినదైనచో పండంతయు గుప్పిటిలో నిమిడి లోనికి పోవును. బైపాస్ అయినవారికి చక్కెర త్వరితముగా ప్రేవులలోనికి దిగి చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనములు కలుగవచ్చును. పైగా పొడి ముక్క తడి తగిలి ముద్దయై యిరుకుదారిలో చిక్కుకొనవచ్చును.

అట్లని యా యాహారము నిషిద్ధము గాదు. వైద్యుడు మెత్తని పదార్థములకు అనుమతించిన పిమ్మట, వేడినీటిలో బాగుగ నానబెట్టి, పలుకు లేకుండ చిదిపి, చెంచాతో కొంచెముకొంచెముగా నీయవచ్చును. పండ్లముక్కలకంటె ఈ విధముగనే యెండించిన గ్రుడ్డు, కోడిమాంసము మేలు. పొట్లముపైనున్న వ్రాతలో ఉప్పును చక్కెరను తప్పక చూడవలెను. పనస, అరటి పలుకులు కొన్ని నూనెలో వేచినవై యుండును. మన వడియములును వరుగులును ఉప్పు, నూనె, పీచు గలవి గనుక తొలి నెలలలో వలదు. ముద్ద గట్టిదగు రాగిసంగటియు అట్టిదే.

ఇట్టివారికి దినమునకు 60 గ్రాములకు తక్కువ గాకుండ మాంసకృత్తులు కావలెనందురు. కోడిగ్రుడ్డొకటి సుమారు 6 గ్రాములే యిచ్చును. అంత చిన్న కడుపులో చోటెక్కడిది? కావున గ్రుడ్డు, పెరుగు, పెసరకట్టు ముందు, అన్నము తరువాత. భోజనముతో నీరు త్రాగక, అరగంట తాళి, దినమంతయు గ్రుక్కగ్రుక్కగా త్రాగవలెను. బి-12, ఇనుము, కాల్షియము, డి విటమినుల మాత్రలను వైద్యుడు చెప్పినట్లు ఎల్లకాలము మానరాదు. వాంతులు విడువకున్నచో బి-1 విటమిను తగ్గి నరములు చెడు ప్రమాదము గలదు. తడవు చేయక వైద్యునికి చూపవలెను. బిడ్డలు కావలసిన యువతులు 12 మొదలు 18 నెలలవరకు ఆగుట మంచిది.

మన సీమలో పెట్టుటయే ప్రేమకు గురుతు. “ఇంకొక ముద్ద” యనని తల్లి లేదు. అయితే ఈ రోగికి ఆ ముద్దయే బాధ. నెల గడచినపిమ్మట మేము మరల జమ్మలమడుగు పోయినప్పుడు, ఆ తల్లి కూతురి ప్రక్కన చిన్న గిన్నెతో కూర్చుండియుండెను. పెసరకట్టులో చిదిపిన గ్రుడ్డు నాలుగు చెంచాలైన పిమ్మట కూతురు చేయి అడ్డము పెట్టెను. తల్లి ఒక్క మాటయు ననక గిన్నె మూతపెట్టెను.