పదిహేడు డాలర్ల గిటార్

"పెళ్ళయ్యాక పాట మానేశానండీ" అనే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో. పెళ్ళిచూపుల్లో పాడిన పాటే చాలామందికి ఆఖరి పాట. నలుగురు పిల్లలు పుట్టాక పాట మొదలుపెట్టిన ఇల్లాలి కథ ఈ వారం చెప్తాను, వినండి.

ఆమె పేరు లోరెట్టా లిన్. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బుచర్ హాలో అనే కొండపల్లెలో 1932లో పుట్టింది. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఎనిమిదిమంది పిల్లల్లో ఈమె రెండోది. 1948లో, పదహారు నిండకుండానే పెళ్ళయింది. భర్త ఆలివర్ లిన్‌ని అందరూ డూలిటిల్ అనేవారు. కాపురం దేశానికి ఆ చివర, పడమటి సముద్రం వైపున్న వాషింగ్టన్ రాష్ట్రంలో. అక్కడ వరసగా కాన్పులు. పొలాల్లో స్ట్రాబెర్రీలు కోసింది, ఇతరుల ఇళ్ళల్లో పనీ చేసింది.

ఇంట్లో పాడుకునే ఆమె గొంతు భర్తకి నచ్చింది. పదిహేడు డాలర్లు పెట్టి గిటార్ కొనిచ్చాడు. గురువు లేడు, తనే మీటి మీటి నేర్చుకుంది. తమ్ముడు జే లీని తోడు పెట్టుకుని 'ట్రెయిల్‌బ్లేజర్స్' అనే బ్యాండ్ కట్టి, చుట్టుపక్కల ఊళ్ళల్లో పాడటం మొదలుపెట్టింది. కంట్రీ మ్యూజిక్ అంటే పల్లె జనం సంగీతం. గిటారూ, ఫిడేలూ, కష్టసుఖాల కబుర్లూ.

1960లో తను రాసిన పాటతో తొలి రికార్డు వచ్చింది. కంపెనీ చిన్నది. ప్రచారం ఎవరు చేస్తారు? ఆలుమగలిద్దరూ కారెక్కి, బ్రెడ్డుముక్కలు తింటూ, ఒక్కో రేడియో స్టేషన్ గడపా తొక్కారు. 'మా పాట వెయ్యండి' అని బతిమాలారు. పాట కంట్రీ జాబితాలో 14వ స్థానానికి చేరింది. ఆ ఏడే నాష్‌విల్‌లో పేరున్న 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' వేదిక ఎక్కింది.

అయితే అసలు సంగతి ఆమె పాటల్లో ఉంది. గిటార్ కొనిచ్చిన ఆ భర్తే తాగేవాడు, పరాయి ఆడవాళ్ళ వెంట తిరిగేవాడు. ఈమె గదిలో కూర్చుని ఏడవలేదు, పాట కట్టింది! తాగొచ్చి నా దగ్గరకు రాకు అని భర్తకు చెప్పే పాట 1967లో మొదటి స్థానానికి వెళ్ళింది. మా ఆయన జోలికొస్తే చూసుకో అని మరో ఆడదాన్ని హెచ్చరించే పాట 1968లో వచ్చింది. మన దంపుళ్ళ పాటల్లోనూ అత్త ఆరళ్ళూ, మగని ఆగడాలూ ఇలాగే బయటపడేవి కదా! 1975లో 'ద పిల్' అని గర్భనిరోధక మాత్ర మీద పాట పాడింది. కొన్ని రేడియో స్టేషన్లు వెయ్యమన్నాయి. అయినా అది 5వ స్థానానికి ఎక్కి కూచుంది.

1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఎంటర్‌టెయినర్ ఆఫ్ ద ఇయర్' బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమే. 'కోల్ మైనర్స్ డాటర్' పేరుతో రాసుకున్న ఆత్మకథ 1980లో సినిమాగా వచ్చింది. అందులో ఆమెగా నటించిన సిస్సీ స్పేసెక్‌కి ఆస్కార్ దక్కింది. తండ్రి మాత్రం ఇవేవీ చూడలేదు. తొలి రికార్డుకి ముందే కన్నుమూశాడు.

మరి భర్తని వదిలెయ్యలేదేం, అంటారా? 1996లో అతను పోయేదాకా కలిసే ఉంది. అది ఒప్పో తప్పో నేను చెప్పను. వదలకపోయినా, నోరు మూసుకుని మాత్రం పడి ఉండలేదు. 2022లో తొంభయ్యో ఏట కన్నుమూసింది.

వంటనూనెల కంపెనీకి ప్రచారం చేసి, వంటల పుస్తకం కూడా వేసిన గాయని ఆమె. కాబట్టి మన పేజీకి పరాయిది కాదు! అటకమీద హార్మోనియం ఉంటే ఈ పూట దింపి దుమ్ము దులపండి. కూర మాడితే మాడనివ్వండి, ఒక్క పూటకేం ఫరవాలేదు.