సమోసాకు రష్యా చుట్టం

భిలాయ్‌లో సాయంత్రం చిరుతిండి అంటే సమోసాదే రాజ్యం. ఏ సెక్టర్ మార్కెట్‌కు వెళ్లినా మూకుడులో నూనె కాగుతూనే ఉంటుంది. అయితే ఈ ఊళ్లో ఒకప్పుడు మరో రుచికి అలవాటుపడ్డ నాలుకలూ ఉండేవి. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ పని మీద వచ్చిన రష్యన్ ఇంజనీర్లకు ఇంటి తిండి అంటే పిరష్కీ: పులిసిన పిండిలో మాంసమో, క్యాబేజీనో, ఆలుగడ్డో కూరి కాల్చే చిన్న కజ్జికాయలాంటిది. నూనెలో వేయించేవీ ఉన్నాయి గానీ, ఓవెన్‌లో కాల్చినవాటి దారే వేరు. ఆ స్నేహానికి గుర్తుగా ఊళ్లో మైత్రీ బాగ్ మిగిలింది. పిరష్కీ మాత్రం సమోసాను కదిలించలేకపోయింది.

ఇంట్లో కదిలించవచ్చు. బల్లమీద పెట్టే చిన్న ఓవెన్ ఉంటే చాలు. పదహారింటికి పావుకిలో మైదా, చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, చెంచా పంచదార, అరచెంచా ఉప్పు, 30 గ్రాముల వెన్న, 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు కావాలి. మెత్తగా పిసికి మూతపెట్టండి. చలికాలంలో పిండి పొంగడానికి గంటన్నర పట్టొచ్చు. భిలాయ్ మే నెలలో అయితే దాన్ని కనిపెట్టుకుని ఉండాలి, ముప్పావుగంటకే గిన్నె దాటుతుంది.

అసలు కిటుకు ఖీమాలో ఉంది. చాలామంది పచ్చి ఖీమానో, తడి ఆరని కూరనో లోపల పెట్టేస్తారు. ఓవెన్‌లో ఆ నీరంతా ఆవిరై అడుగు పిండిని ముద్ద చేస్తుంది, అతుకు విప్పుతుంది. సుపేలా బజారులో పావుకిలో ఖీమా కొట్టించుకుని, పెద్ద ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, మిరియాలపొడితో పెద్దమంట మీద నీరంతా ఇగిరి, నూనె తేలేదాకా వేయించండి. పూర్తిగా చల్లారనివ్వండి. వేడి కూర పెడితే వెన్న కరిగి పిండి జారిపోతుంది.

చీజ్ ఆ తర్వాతే, 100 గ్రాములు తురిమి కలపాలి. మాంసం పిరష్కీలో చీజ్ వేయడం రష్యా సంప్రదాయం కాదు. చీజ్ రొట్టెల పేరు జార్జియాది. అదీ ఒకప్పటి సోవియట్ దేశమే కాబట్టి సర్దుకుందాం. పన్నీర్ ఇక్కడ పనికిరాదు. పాలను పులుపుతో విరిచి చేసేది కనుక అది ఎంత కాలినా కరగదు. డబ్బాలో దొరికే ప్రాసెస్డ్ చీజ్ కరుగుతుంది, అందులో కలిపే లవణాల వల్ల కొవ్వు విడిపోదు. చీజ్‌లోనే ఉప్పుంది, ఖీమాలో తగ్గించండి.

పిండిని పదహారు ఉండలు చేసి, అరచేతిలో ఒత్తి, కూరి, అంచులు గట్టిగా నొక్కి, అతుకు కిందికి వచ్చేలా ట్రేలో పేర్చండి. పైన గుడ్డుసొన రాయండి. 200 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు. మాంసం తినని పొరుగువారు వస్తున్నారా? క్యాబేజీ వేపుడు కూరినవి ముందుగా, వేరే ట్రేలో, పైన పాలు రాసి కాల్చేయండి. నానా రాష్ట్రాల వాళ్లు పక్కపక్క క్వార్టర్లలో ఉండే ఊళ్లో ఇది అనవసర మర్యాదేం కాదు.

ఇక ముంచుకోవడానికి టొమాటో కెచప్ సీసా తీయకండి. ఛత్తీస్‌గఢీలో టొమాటోను ‘పతాల్’ అంటారు. పతాల్ చట్నీ ఈ నేల సొత్తు. నాలుగు టొమాటోలను మంటమీద తొక్క నల్లబడేదాకా కాల్చి, మూడు పచ్చిమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొత్తిమీర, ఉప్పుతో రోట్లో నూరాలి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్లలో రోటిపచ్చడి గురించి చెప్పాల్సిన పనిలేదు. కారం తట్టుకోలేని వారికి అందులోనే నీరు వడకట్టిన గట్టి పెరుగు కలపండి. రష్యాలో పిరష్కీకి తోడయ్యే పుల్లటి మీగడ ‘స్మెతానా’కు అది దగ్గర బంధువు.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఓవెన్‌లోనే వేడి చేయండి, మైక్రోవేవ్‌లో మెత్తబడతాయి. వేసవిలో మాత్రం మాంసం, చీజ్ ఉన్నవి బల్లమీద గంటకు మించి వదలొద్దు.