మెతుకు పట్టి చూశాకే వడ్డన

"వదినా, మీ వాట్సాప్‌లో ఏదో కొత్తది వచ్చిందట, మాకింకా రాలేదేం?" ఈ ప్రశ్న అపార్ట్‌మెంట్ మెట్ల మీదా, నాంపల్లి స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూసే ఆడవాళ్ళ మధ్యా నేను తరచు వింటున్నదే. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఒకే రోజు, ఒకే రకం ఫోన్లు కొన్న అక్కచెల్లెళ్ళకి కూడా అప్‌డేట్ ఒకేసారి రాకపోవచ్చు. పూర్వం కొత్త సినిమా పట్నంలో ఆడీ ఆడీ, అరిగిన రీళ్ళతో మన ఊరి టూరింగ్ టాకీసుకి చేరేది. ఇదీ అలాంటి వివక్షేనా?

చాలావరకు కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, కంపెనీలు చేసేదీ అదే. యాప్ తయారుచేసిన వాళ్ళు కోరుకుంటే, ఆపిల్ యాప్ స్టోర్ కొత్త వెర్షన్‌ను 7 రోజుల్లో విడతలుగా పంపుతుంది. ముందు నూటికి ఒకరికి, తర్వాత 2, 5, 10, 20, 50, చివరికి 100 మందికీ. గూగుల్ ప్లే స్టోర్‌లో ఆ శాతాన్ని తయారీదారే నిర్ణయించుకోవచ్చు. ఎవరు ముందన్నది లాటరీ లాంటిదే. యాప్ మూసుకుపోతోందని తెలిస్తే మిగతావాళ్ళకి పంపడం ఆపేస్తారు.

అయితే ఆండ్రాయిడ్ వెర్షన్ మారడం వేరే సంగతి. గూగుల్ ఇచ్చినదాన్ని ఫోను కంపెనీ తన ఒక్కో మోడల్‌కీ సరిచేసుకోవాలి. అక్కడ మాత్రం పాత ఫోన్లూ, చవక ఫోన్లూ వెనకబడటం మామూలే.

మెతుకు చూడకుండా వడ్డిస్తే ఏమవుతుందో 2024 జూలై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలులో తప్పుంది. విడతలు లేకుండా అది లోకమంతా వెళ్ళిపోయింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు! ఆ తర్వాతే ఆ సంస్థ, ఇకపై ఇలాంటివీ విడతలవారీగా పంపుతామని ప్రకటించింది.

కాబట్టి ఆలస్యం మన మేలుకే. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. ముందుగా వచ్చిన ఆ ఒక్కరికి, "మీ ఫోను మీద పరీక్షిస్తున్నాం" అని చెప్పేదెవరు? మెతుకుని అడగనక్కర్లేదు, మనిషికి చెప్పాలి కదా!

అంతకన్నా పెద్ద ప్రమాదం మన తొందరలో ఉంది. "కొత్త వెర్షన్ ఇదిగో" అంటూ ఎవరో పంపిన ఏపీకే ఫైలు నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ కావచ్చు. ప్లే స్టోర్‌లోగానీ, ఫోను సెట్టింగుల్లోగానీ కనిపించేదే అసలు అప్‌డేట్. అక్కడ లేకపోతే ఆగండి. భద్రతకు సంబంధించినదైతే మాత్రం, వచ్చిన రోజే వేసుకోండి. "రేపు చూద్దాం" అనకండి.