మూడు సెకన్లు ఆగండి సార్

మన క్లాసుల్లో అన్నిటికంటే ఎక్కువ వినిపించే ప్రశ్న "అర్థమైందా?". మన జవాబూ ఎప్పుడూ ఒకటే: "ఆఁ సార్". ముందు బెంచీలు కాస్త గట్టిగా, వెనక బెంచీలు తల ఎత్తకుండా. ఆ "ఆఁ"కి అర్థం లేదని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు. స్లైడు మాత్రం మారిపోతుంది.

టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల రికార్డింగులు విని లెక్కగట్టారు. దాదాపు ఒక్క సెకను, అంతే! దాన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పనివాళ్ళు విప్పారు. 1970ల నాటి సంగతి ఇది. పైసా ఖర్చు లేదు, స్మార్ట్ బోర్డూ అక్కర్లేదు.

నాకు ఇంకా నచ్చింది హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ సంగతి. ఆయన క్లాసంటే పిల్లలకి ఇష్టం, లెక్కలూ బాగానే చేసేవారు. 1990 ప్రాంతంలో ఆయన ఫార్ములాలు అక్కర్లేని ప్రశ్నలు కొన్ని ఇచ్చి చూశారు. పెద్ద లారీ, చిన్న కారు గుద్దుకుంటే ఏది దేనిమీద ఎక్కువ బలం చూపిస్తుంది, ఇలాంటివి. న్యూటన్ మూడో సూత్రం నిద్రలో లేపినా అప్పజెప్పేవాళ్ళు ఇక్కడ తడబడ్డారు. మీరు చెప్పినట్టు రాయాలా, మేం మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒక స్టూడెంట్ అడిగారట. ఈ ప్రశ్న మన క్లాసులో ఎవరైనా అడిగితే బాగుణ్ణు.

ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చారు. కాసేపు చెప్పి, ఒక ప్రశ్న వేసి, ఎవరికి వాళ్ళని జవాబు ఎంచుకోమనడం. తర్వాత పక్కవాళ్ళతో వాదించుకోమని, మళ్ళీ ఓటు వేయించడం. దీనికి పీర్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు పెట్టి 1997లో పుస్తకం కూడా రాశారు. ఇది పనిచెయ్యడానికి కారణం సులువే. నిన్ననే అర్థమైనవాడికి ఎక్కడ చిక్కు పడిందో గుర్తుంటుంది, ఇరవై ఏళ్ళుగా చెప్తున్న సార్‌కి గుర్తుండదు. మిడ్స్ ముందు రాత్రి హాస్టల్లో "రేయ్, అది కాదురా" అంటూ ఏ4 కాగితం మీద జరిగేది ఇదే కదా! పగలు క్లాసులో కూడా జరగనివ్వమంటున్నా.

ఉదాహరణకి, బ్యాటరీకి రెండు బల్బులు సిరీస్‌లో ఉన్నాయి. ఒకదాని రెండు కొసలకీ వైరు కలిపేస్తే రెండోదాని వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, ఆరిపోతుందా? నేను చెప్పను, పక్కవాళ్ళతో తేల్చుకోండి. కిర్కాఫ్ సూత్రాల డెఫినిషన్ మాత్రం అందరికీ వచ్చు.

సార్లనే అనడం అన్యాయం. ఒక్కో సెక్షన్‌లో అరవైమందికి పైన, అయిదు యూనిట్లు, మధ్యలో ఫెస్టులు, మీద అక్రెడిటేషన్ ఫైళ్ళు. ఏఐసీటీఈ 2018లో పరీక్షల సంస్కరణ విధానం తెచ్చింది. ఇప్పుడు మన పేపర్లో ప్రతి ప్రశ్న పక్కనా బ్లూమ్స్ లెవెల్ కనిపిస్తుంది. ఎల్4, అంటే విశ్లేషణ అని రాసి ఉంటుంది, ఇవతల చూస్తే పోయినేడాది డెరివేషనే. పోనీ, ఎవరైనా మేడం ధైర్యం చేసి మిడ్‌లో కొత్త ప్రశ్న ఇచ్చారనుకోండి, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో "అవుట్ ఆఫ్ సిలబస్" అని గోల, మర్నాడు హెచ్ఓడీ గది ముందు క్యూ. ఇంక ఆవిడ మళ్ళీ ఎందుకిస్తారు?

నేను అడిగేది చిన్నది. వారానికి ఒక్క క్లాసులో ఒక్క ప్రశ్న, అయిదు నిమిషాలు, దానికి మార్కులు వద్దు. మార్కులుంటే టాపర్ జవాబు మొత్తం బెంచీకి పాకుతుంది, వాదన ఉండదు.

సెమ్ చివర మనం నింపే ఫీడ్‌బ్యాక్ ఫారంలో సిలబస్ పూర్తయిందా, గొంతు వినిపించిందా అని ఉంటాయి. మిమ్మల్ని ఆలోచింపజేసే ప్రశ్న ఏదైనా అడిగారా అన్నది లేదు. ఈసారి కింద సూచనల గడిలో ఆ ఒక్క వాక్యం రాయబోతున్నా. ఆ గడిని ఎవరైనా చదువుతారా అని మా రూమ్మేట్ అనుమానం. సెక్షన్ మొత్తం ఒకే వాక్యం రాస్తే చదవక ఏం చేస్తారు?