కదలని నడక

గురువు అవసరం లేకుండా మనిషి నేర్చుకొనే తొలి విద్య నడక. ఏడాది నిండిన పసివాడు గోడ పట్టుకొని లేస్తాడు, రెండడుగులు వేస్తాడు, పడతాడు, మళ్లీ లేస్తాడు. అటువంటి నడకకు నేడు ఇంట్లో ఒక యంత్రం కావలసివచ్చింది. విద్యుత్తుతో తిరిగే పట్టా మీద, ఉన్నచోటు నుండి జానెడైనా ముందుకు పోకుండా, కిలోమీటర్ల కొద్దీ నడిపించే సాధనమది. దాని పేరు ట్రెడ్‌మిల్.

మా ఇంటికి అది వచ్చిన రోజున నేను దానిని గానుగతో పోల్చి పరిహసించాను. ఎంత తిరిగినా గానుగెద్దు గానుగ చుట్టే కదా! ఆ పోలిక నేను అనుకొన్నంత కొత్తది కాదని తరువాత తెలిసింది. 1818లో విలియం క్యూబిట్ అనే ఆంగ్లేయ ఇంజనీరు చెరసాలల కోసం ఒక పెద్ద చక్రాన్ని రూపొందించాడు. ఖైదీలు వరుసగా నిలిచి దాని మెట్లను ఎక్కుతూనే ఉండాలి; ఎక్కినకొద్దీ మెట్టు కాలి కింద నుండి జారిపోతుంది. కొన్నిచోట్ల ఆ చక్రం ధాన్యం విసిరేది, నీరు తోడేది. మరికొన్నిచోట్ల ఏ పనీ చేసేది కాదు. నిష్ప్రయోజనమైన శ్రమయే అక్కడ శిక్ష. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి బ్రిటన్‌లో ఆ శిక్షకు కాలం చెల్లింది. 'తొక్కుడు మర' అనే అర్థమిచ్చే ఆ పేరు మాత్రం మిగిలింది.

శిక్షగా పుట్టినది వైద్యంలోకి వచ్చింది. అమెరికాలోని సియాటిల్ నగరంలో రాబర్ట్ బ్రూస్ అనే హృద్రోగ నిపుణుడు రోగిని కదిలే పట్టా మీద నడిపిస్తూ, మూడేసి నిమిషాలకు వేగాన్నీ వాలునూ పెంచుతూ గుండె తీరును పరీక్షించే పద్ధతిని 1960ల్లో స్థిరపరచాడు. మన ఆసుపత్రుల్లో టి.ఎం.టి. అని పిలిచే పరీక్ష అదే. డాక్టర్ కెన్నెత్ కూపర్ 1968లో ప్రకటించిన వ్యాయామ గ్రంథాన్ని చదివి, విలియం స్టౌబ్ అనే ఇంజనీరు సామాన్య గృహస్థులు కొనగలిగిన యంత్రాన్ని తయారుచేశాడు.

ఇక మా ఇంటి సంగతి. మా శ్రీమతికి మధుమేహమని తేలినపుడు, రోజూ అరగంట తప్పక నడవమని వైద్యులు చెప్పారు. ఆమె వేకువనే వీధిలోకి వెళ్లేది. మా వీధిలో కాలిబాట ఉన్నది. కానీ దాని మీద ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, మరొకచోట టిఫిన్ బండి, మిగిలినంత మేర నిలిపి ఉంచిన మోటారు సైకిళ్లు. కాబట్టి నడిరోడ్డే గతి. కుక్కల భయం సరే, మెడలోని గొలుసు తీసి ఇంట్లో పెట్టి వెళ్లవలసిన స్థితి. ఒకనాడు ఎదురుదారిలో వచ్చిన మోటారు సైకిలు ఆమె మోచేతిని రాసుకొంటూ పోయింది. ఆ నెలలోనే యంత్రం కొన్నాము. నా పరిహాసానికి ఆమె చెప్పిన సమాధానం ఒక్కటే: "గానుగెద్దుకు వెనుకనుండి బండి వచ్చి గుద్దుతుందన్న భయం లేదండీ!"

ప్రబంధ నాయికల హంసగమనాన్ని ముప్పై ఏళ్లుగా తరగతిలో వర్ణించి చెప్పినవాడిని. నడిచేందుకు ఆ ఇల్లాలికి బాట ఉన్నదా అని నాకెన్నడూ తోచలేదు. పొద్దున్నే ఉద్యానవనంలో నలుగురు మిత్రులతో కబుర్లాడుతూ నడిచి వచ్చే నేను ఆమె యంత్రాన్ని చూసి నవ్వడం న్యాయం కాదు. వంటకూ నా కళాశాల వేళకూ నడుమ ఆమెకు మిగిలే అరగంట ఆ పట్టా మీదనే గడుస్తున్నది.

అయితే యంత్రానికి దాని నియమాలున్నాయి. చేతిపట్టీల మీద బరువు మోపి నడిస్తే శ్రమ తగ్గుతుంది, ఫలితమూ తగ్గుతుంది. యంత్రాన్ని ఆపే తాళానికి కట్టిన తాడును దుస్తులకు తగిలించుకోవాలి. తిరిగే పట్టా దగ్గరకు పసిపిల్లలను రానీయరాదు. శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. తెరమీది అంకెలను చూసి పంతానికి పోయేవారు ఆ మాట తలచుకోవాలి.

నా అభ్యంతరం యంత్రం మీద కాదు. అది ఇంట్లో చేరిన తరువాత వీధిని మరచిపోవడం మీద. కొనగలిగినవారు తలుపులు మూసుకొని నడుస్తారు. రెండిళ్లలో పాచిపని చేసుకొనే స్త్రీకి ఆ అవకాశం లేదు, కాలిబాటా లేదు.

విద్యార్థులారా! మీ సంగతి మరింత విచారకరం. 5 నుండి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మీలో ఎందరో అంతస్తుల మీద అంతస్తులున్న భవనంలో, ఆటస్థలమన్నది లేనిచోట, ఉదయం నుండి రాత్రి వరకు కూర్చుని చదువుతున్నారు. ఆ అరవై నిమిషాలు మీ కాలపట్టికలో ఎక్కడున్నాయి? ఈ ప్రశ్న మీరు అడగాలి. అధ్యాపకులమైన మేమూ అడగవలసి ఉండి అడగలేదు.

మా వీధి కాలిబాటను ఖాళీ చేయించమని గత సంవత్సరం పురపాలక కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాము. అందులో మొదటి సంతకం మా శ్రీమతిదే. మోటారు సైకిళ్లు కొన్ని తొలగాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా అక్కడే ఉన్నది. రెండవ వినతిపత్రం రాస్తున్నాను.