కొన్న ప్రాజెక్టు మీద సంతకం పెట్టను

"ఈ రిలే పక్కన డయోడు ఎందుకమ్మా?" అని వైవాలో ఎగ్జామినరుగా అడిగాను. బల్ల మీద అక్రిలిక్ పెట్టె. లోపల ఆర్డుయినో బోర్డు, నేలలో తడి కొలిచే సెన్సరు, చిన్న నీళ్ల పంపు. బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు, పేరు స్మార్ట్ ఇరిగేషన్. ఆ అమ్మాయి తన బ్యాచ్‌లోని ముగ్గురి వంక చూసింది. ముగ్గురూ తలలు దించుకున్నారు. "అది బోర్డుతోపాటే వచ్చింది సర్" అంది చివరికి, గొంతు తగ్గించి.

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆ మాట విని కూడా నా పక్క కుర్చీలో మార్కులు వేసుకుంటూ పోయిన గైడ్ మీద వచ్చింది. పెట్టె కొనుక్కొచ్చారని ఆయనకు తెలుసు. హెచ్‌ఓడీకి తెలుసు. ఫీజుతోపాటు ఈ డబ్బూ సర్దిన కన్నవాళ్లకూ తెలుసు. అమీర్‌పేట సందుల్లో బోర్డు, కోడు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అప్పజెప్పాల్సిన జవాబులు అన్నీ కట్టగట్టి అమ్ముతారు. కాలేజీలు ఏటా వాటినే బల్లల మీద వరసగా పేర్పించి మార్కులు వేస్తాయి. దీన్ని చదువు అనడానికి నోరెలా వస్తోంది?

ఆ డయోడు సంగతి చెబుతాను. రిలేలో ఉండేది తీగచుట్ట. కరెంటు ఆపిన క్షణంలో చుట్టలో నిలిచిన అయస్కాంత శక్తి ఎటూ పోలేక ఎదురు వోల్టేజిగా తన్నుతుంది. ఐదు వోల్టుల రిలే కూడా ఆ క్షణాన వంద వోల్టులు దాటించగలదు. దాన్ని నడిపే బీసీ547 ట్రాన్సిస్టరు ఓర్చుకునేది 45 వోల్టులే. అడ్డంగా ఒక డయోడు ఉంటే ఆ దెబ్బ దాని గుండా చుట్టలోనే తిరిగి చల్లారుతుంది. పుస్తకంలో ఇది రెండు లైన్లు. నాకు మూడు ట్రాన్సిస్టర్లు పోతేగానీ బుర్రకెక్కలేదు. ఇంటర్ సెలవుల్లో కోఠి గుజరాతీ గల్లీలో గుప్పెడు కొని తెచ్చుకున్నాను. మొదటిది పోతే సోల్డరింగ్ సరిగ్గా పడలేదనుకున్నాను. రెండోది పోతే సరుకే నాసిరకం అనుకున్నాను. మూడోది పోయిన రాత్రి, పొగకు కళ్లు మండుతుండగా, రిలే పడినప్పుడు కాదు, వదిలినప్పుడు పోతోందని గమనించాను. నాలుగోదానికి డయోడు కట్టాను. తెల్లారేదాకా టిక్కు టిక్కుమంటూనే ఉంది. నన్ను ఇంజినీరును చేసింది ఆ మూడు రాత్రులు. ఆ అమ్మాయి దగ్గర దోచుకున్నది ఆ రాత్రులనే.

ల్యాబ్‌లో సామాను లేదంటారు. ఒప్పుకోను. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిందే ఎలక్ట్రానిక్స్ రాని విద్యార్థుల చేతికి చౌకగా అందాలని. దాని డిజైన్ అందరికీ తెరిచి ఇచ్చారు కాబట్టే నకలు బోర్డు ఇవాళ కొన్ని వందలకు దొరుకుతోంది. విద్యార్థి విప్పి చూడాలని పుట్టిన బోర్డుకు మనవాళ్లు మూత పెట్టి, మరలు బిగించి, వేలకు అమ్ముతున్నారు. ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లోనే కదా అనేవాళ్లకు ఒకటే జవాబు: తప్పు ఎక్కడుందో వెతకడం రానివాడికి కోడూ రాదు.

జబ్బు బడిలోనే మొదలవుతోంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. మరో 50,000 ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సిన పని. కానీ నేను వెళ్లిన ఒక బడిలో త్రీడీ ప్రింటరు మీద దుప్పటి కప్పి ఉంది, సెన్సర్లు సీలు తీయని కవర్లలోనే ఉన్నాయి, తాళంచెవి హెడ్మాస్టరు జేబులో ఉంది. "పిల్లలు పాడుచేస్తే స్టాకు రిజిస్టరులో ఏం రాయను సర్?" అన్నాడాయన. ఆయన భయం నిజమే, అందుకే అడుగుతున్నాను: ఆ రిజిస్టరులో 'మాడిపోయినవి' అని ఒక గడి గీయండి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో యాసిడ్ అయిపోతే మాస్టారిని ఎవరూ నిలదీయరు. ట్రాన్సిస్టరూ అంతే, ఖర్చయిపోవాల్సిన సరుకు. ఏడాది చివర ఆ గడి ఖాళీగా ఉన్న బడినే సంజాయిషీ అడగాలి.

ఆ రోజు ఆ అమ్మాయిని ఇంకో ప్రశ్న కూడా అడిగాను. "మీకు పొలం ఉందా?" ఉందట. బోరుందట. "స్టార్టర్ ఊరికే ట్రిప్పవుతోందని నాన్న అంటుంటారు సర్" అంది. రాత్రి కరెంటు రోజుల్లో చీకట్లో మోటారు వేయడానికి వెళ్లి పాము కరిచీ, షాక్ కొట్టీ ఎంతమంది రైతులు పోయారో మన పల్లెలకు తెలుసు. ఆ స్టార్టర్ డబ్బాను మండల కేంద్రంలోని మోటారు మెకానిక్ విప్పుతాడు, ఫేజ్ పోయిందో, కాంటాక్టు మాడిందో చెబుతాడు, బాగుచేస్తాడు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన కూతురు ఒక్కసారీ దాని మూత తీసి చూడలేదు. తీసి చూడమని ఏ మాస్టారూ చెప్పలేదు. ఆ డబ్బా కన్నా గొప్ప ప్రాజెక్టు ఆ పిల్లకు ఎక్కడ దొరుకుతుంది?

ఎగ్జామినర్లుగా వెళ్లే తోటివాళ్లను ప్రాధేయపడుతున్నాను. పనిచేస్తున్న పెట్టెను చూసి తల ఊపకండి. ఒక తీగ పీకేయండి. మల్టీమీటరు చేతికిచ్చి, గంట టైమిచ్చి, మళ్లీ పనిచేయించమనండి. చేసుకొచ్చిన పిల్లలైతే పది నిమిషాల్లో పట్టేస్తారు. కొనుక్కొచ్చిన వాళ్లు ఆ గంటలోనైనా మొదటిసారి లోపలికి చూస్తారు.

ఆ రోజు మాత్రం నేను సంతకం పెట్టాను. నలుగురు పిల్లల ఏడాది పోతుందని భయపడి పెట్టాను. ఇక పెట్టను. పిలిచే కాలేజీలు ఇది తెలిసే పిలవాలి.