అణు భద్రతలో మిగిలిన ఖాళీ
అణు పదార్థాల భౌతిక రక్షణ ఒప్పందానికి 2005లో చేసిన సవరణ ఎట్టకేలకు 2016 మే 8న అమల్లోకి రావడం ఆహ్వానించదగిన పరిణామం. దాంతో దేశంలోని అణు పదార్థాల నిల్వకూ, రవాణాకూ భద్రత కల్పించడం సభ్య దేశాల చట్టబద్ధ బాధ్యత. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉన్న హైదరాబాద్‌కు ఇది ఊరట. కానీ ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో వాడే కోబాల్ట్-60 వంటి రేడియోధార్మిక పదార్థాలు ఈ ఒప్పందం పరిధిలోకి రావు. ఉగ్రవాదికి సులువుగా చిక్కేవి అవే. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన, కోబాల్ట్-60 ఉన్న పాత పరికరం మాయాపురి తుక్కు బజారులో ఒకరి ప్రాణం తీసింది; దాన్ని ఎవరూ దొంగిలించనైనా లేదు! అలాంటి పరికరం బాన్సువాడ వంటి చిన్న పట్టణంలోని పాత ఇనుము కొట్టుకు చేరితే గుర్తించేదెవరు? అణుశక్తి నియంత్రణ మండలికి పూర్తి స్వతంత్రత కల్పించాలి. వాడుక ముగిసిన పరికరం సురక్షితంగా అప్పగించేదాకా సంస్థాధిపతినే బాధ్యుణ్ని చేయాలి. జిల్లా పోలీసులకు రేడియేషన్ కొలిచే పరికరాలు, వాటిని వాడే శిక్షణ తక్షణం అందాలి.